సున్నాకూ లెక్క చెప్పాలి

మన కోలారు జిల్లాలో పండించిన టమాటా, మామిడి అమ్ముకునే రైతుకు జీఎస్‌టీ గొడవ లేదు. జీఎస్‌టీ నంబరు తీసుకున్న అంగడివారికి మాత్రం 2017 జూలై నుంచి కొత్త తిథి ఒకటి వచ్చింది. నెలనెలా 20వ తారీఖు. మూడు నెలలకొకసారి రిటర్ను ఇచ్చే చిన్న వ్యాపారులకు కర్ణాటకలో 22. ఏకాదశి మరచినా ఫరవాలేదు గాని ఈ తిథి మరవకండని మా బ్యాంకుకు వచ్చేవాళ్ళతో అంటూంటాను.

బీకాం చదివే రోజుల్లో జరిమానా అంటే పన్ను ఎగ్గొట్టినవాడికే అనుకునేవాళ్ళం. నేను చూసినంతలో మనవాళ్ళు నలిగేది పన్ను ఎగ్గొట్టి కాదు, కట్టవలసిన పన్నే లేక!

తమకలో ఒక జిరాక్సు అంగడి ఆయన కరెంటు అకౌంటు కోసం జీఎస్‌టీ నంబరు తీసుకున్నాడు. కరోనా వచ్చి కాలేజీ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. 2020 ఆగస్టు నుంచి రిటర్నులు ఆపేశాడు. నోటీసు పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "బోణీయే లేదు సార్, లెక్క ఏం చూపించేది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కాని చట్టం అడిగేది అమ్మకం గురించి కాదు, రిటర్ను గురించి. అమ్మకం సున్నా అయినా ఆలస్యానికి రోజుకు 20 రూపాయలు. సంవత్సరం దాటితే ఒక్క నెల రిటర్నుకే 7,300! అదృష్టవశాత్తూ 2021లో ప్రభుత్వం పాత రిటర్నులకు రాయితీ ఇచ్చింది. నవంబరు 30 లోపల దాఖలు చేస్తే సున్నా రిటర్నుకు 500 మించదు. ఏప్రిల్ దాకా ఉన్న 9 రిటర్నులకు 4,500తో బయటపడ్డాడు. ఆ తర్వాతి కాలానికి సున్నా రిటర్నుకు గరిష్ఠం 500గానే ఉంచారు.

వ్యాపారం ఉంటే రోజుకు 50. ఇక్కడ బ్యాంకువాడి లెక్క ఒకటి చెబుతాను. 20,000 రూపాయల పన్ను నెల ఆలస్యమైతే 18 శాతం చొప్పున వడ్డీ 300. ఆలస్య రుసుము 1,500. అదే 20 లక్షల పన్నయితే వడ్డీ 30,000. రుసుము అదే 1,500. గరిష్ఠం మాత్రం టర్నోవరును బట్టి మారుతుంది. కోటిన్నర లోపు వారికి 2,000. అయినా రోజువారీ దెబ్బ చిన్నవాడికే గట్టిగా తగులుతుంది. ఇది నాకు సబబుగా తోచదు. పైగా ఈ రుసుము రొక్కంగానే కట్టాలి, ఇన్‌పుట్ క్రెడిట్ పనికిరాదు. పాత రిటర్ను ఇవ్వందే కొత్తది తీసుకోరు.

అంగడి మూసేసినా అంతే. రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను ఒకటి ఇవ్వాలి. తాళం వేసి కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయే పెద్దలకు ఇది ఎవరూ చెప్పరు.

2020 జూన్‌లో ఒక మంచి సౌకర్యం వచ్చింది. వ్యాపారం లేని నెలకు 14409కు ఎస్సెమ్మెస్ పంపి, తిరిగి వచ్చిన కోడుతో నిర్ధారిస్తే చాలు. అయితే అది రిజిస్టరైన సెల్ నంబరు నుంచే వెళ్ళాలి. చాలా అంగళ్ళకు ఆ నంబరు ఆడిటరు గుమాస్తాది అయి ఉంటుంది. మీది ఎవరి నంబరో ఈ వారమే చూసుకోండి.