పెద్దమ్మ చేతులు

మా హాస్టల్ వంటమనిషిని మేమంతా పెద్దమ్మ అని పిలుస్తాం. పోయినేడు చలికాలంలో ఆమెకు తెల్లారి గరిటె పట్టు చిక్కేది కాదు. వేళ్ల కణుపులు వాచి, పొద్దెక్కేదాకా పిడికిలి పడేది కాదు. ఉప్మా మాడితే మేం నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వార్డెన్ సారు చెబితే మాలో ఇద్దరం ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ చేతికి జెల్ రాసి స్కానింగ్ చేశారు. స్కానింగ్ కడుపుకే తీస్తారనుకునేవాళ్లం మేము! తెరమీద కీలు పొర ఉబ్బి నల్లగా కనిపించింది. డాప్లర్ పెట్టగానే అందులో ఎర్రటి చుక్కలు మెరిశాయి.

"వాపు రగిలేచోట రక్తం ఎక్కువగా పారుతుంది, ఆ ఎరుపు అదే. ఎముక దెబ్బతినక ముందే మందు మొదలుపెట్టాలి" అన్నారామె. రక్తపరీక్షలు కూడా చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. ఇది పనివల్ల వచ్చిన అరుగుదల కాదట. ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తే కీళ్లమీద తిరగబడడమట.

మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. పెద్దమ్మకు చదువు రాదు. అందుకే వంటగది క్యాలెండర్లో ప్రతి ఆదివారం చుట్టూ సున్నా చుట్టాం. కూరగాయలు తరగడానికి వంతులు వేసుకున్నాం.

కొన్ని నెలలకు మళ్లీ స్కానింగ్ చేస్తే ఎర్ర చుక్కలు బాగా తగ్గాయి. మొన్న పండక్కి పెద్దమ్మే గారెలు తట్టింది.

ఇప్పుడు ఎవరైనా చేతులు నొప్పంటే మేం నవ్వం. "పొద్దున్నే పిడికిలి పడుతోందా?" అని అడుగుతాం.