కొత్త బండికి గుండు టైర్లు

నలభై యేండ్లు అరణ్యములో నడిచినా ఇశ్రాయేలు ప్రజల చెప్పులు అరగలేదన్న సంగతి ద్వితీయోపదేశకాండములో మనమందరము చదివినదే. మా సంగతి వేరు. మా కొత్త బండి టైర్లు పదిహేను నెలలకే అరిగిపోయాయి. ఆ అరుగుదల వెనుక మేము చేసిన తప్పిదమును దాచుకొనక మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము దంపతులము జనగామలో ఉంటూ, ఇటు మానుకోట వైపు తండాలలో, అటు భూపాలపల్లి వైపు అడవి పల్లెలలో కూడికలు జరుపుతుంటాము. (మహబూబాబాదు 2016లో జిల్లా అయినా మా వైపు పెద్దల నోట ఇప్పటికీ మానుకోటే.) పాత జీపు మూలబడగా సంఘములవారు కానుకలు కూర్చారు, మేము కొంత అప్పు చేశాము, 2023 మార్చిలో నాలుగు చక్రాలకూ ఇంజను బలము అందే పెద్ద బండి కొన్నాము. పత్తి అమ్మిన డబ్బులోనుండి ఇచ్చిన రైతులున్నారు, మిరప ఏరిన కూలిలోనుండి ఇచ్చిన విధవరాండ్రున్నారు. కాబట్టి దానిమీద పడే ప్రతి గీతకూ మేము లెక్క చెప్పవలసినవారము.

బండి నడపడానికి మానుకోట దగ్గరి తండా నుండి ఒక తమ్ముడు మాతో ఉండేవాడు. పదో తరగతి మా ఇంట్లో ఉండే చదివాడు. మితముగా మాట్లాడే పిల్లవాడు.

2024 జూన్‌లో పంక్చరు వేయించడానికి జనగామలో ఆగాము. అప్పటికి బండి తిరిగినది 19 వేల కిలోమీటర్లు. మా పాత జీపు టైర్లు 40 వేలు దాటి నడిచాయి. పంక్చరు షాపు అతను చక్రము విప్పి, మావైపు చూసి, “అయ్యగారూ, ఇది ఎప్పటి బండి? ముంగటి టైర్లు గుండయినయ్ గదా!” అన్నాడు. మా చేయి పట్టుకొని టైరుమీద పెట్టించాడు. బయటి అంచునుండి లోపలికి రాస్తే నున్నగా ఉంది. లోపలినుండి బయటికి రాస్తే రంపపు పళ్ళలా గరగర. “చక్రాలు సక్కగ లెవ్వు. ఒకసారి అలైన్‌మెంట్ చూపియ్యుండ్రి” అన్నాడు. ఆ మాట వింటే ఈ వ్యాసమే ఉండేది కాదు. కొత్త బండికి అలైన్‌మెంట్ ఎందుకు తప్పుతుంది, కంపెనీవాళ్ళే నాసిరకము రబ్బరు తొడిగి పంపారని మేము అప్పటికే తీర్మానించుకున్నాము.

షోరూముకు వెళ్ళాము. టైర్లు తాము చేసినవి కావు, వాటి పూచీ టైర్ల కంపెనీదే అన్నారు. బండితో ఇచ్చిన పుస్తకములో ఆ మాట ఉన్నదట, మేము చదివితే కదా! టైర్ల కంపెనీ మనిషి చిన్న కొలబద్దతో గాడుల లోతు కొలిచాడు. ఒక్కసారి కూడా రోడ్డు చూడని స్టెప్నీలో 9 మిల్లీమీటర్లు. ముందు టైర్ల బయటి అంచున 1.6 కన్నా తక్కువ. మన దేశములో కార్లకు, జీపులకు 1.6 కన్నా తక్కువ లోతుతో నడపడము చట్టవిరుద్ధమే. గాడుల నడుమ అక్కడక్కడ చిన్న గట్టులు ఉంటాయి, అరిగిన టైరు ఆ గట్టులకు సమమైతే మార్చివేయాలి. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. “తయారీలో లోపము లేదు. లోపము నడపడములోనో, చక్రాల వరుసలోనో ఉంది” అని వ్రాసి ఇచ్చి వెళ్ళాడు.

రెండు మాటలు వ్రాసి ఇస్తే మేము ఒక్కటే పట్టుకున్నాము, నడపడము.

ఆ నెల సంఘ కమిటీలో పెద్దలు లెక్క అడిగారు. నాలుగు టైర్లకు అరవై వేలు దాటుతుంది. పదిమంది ముందర మేము ఆ తమ్ముణ్ణి నిలబెట్టి, బ్రేకులు గట్టిగా కొడుతున్నావు, మలుపుల్లో దూకిస్తున్నావు, దేవుని సొమ్ము నీకు లెక్కలేకపోయింది అన్నాము. అతడు, “నేను సక్కగనే నడుపుతున్న అయ్యగారూ” అని ఒక్కమాట అన్నాడు. సహోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా మాట్లాడాలని మత్తయి సువార్త 18వ అధ్యాయము మీద ఎన్ని ప్రసంగాలు చేశామో మాకే గుర్తు లేదు. మర్నాడు ఉదయము బండి తాళము బల్లమీద ఉంది. తమ్ముడు తండాకు వెళ్ళిపోయాడు.

ఇలాంటి నెపాలు పెద్ద పెద్ద కంపెనీలే ఒకరిమీద ఒకరు వేసుకున్నాయి. అమెరికాలో ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ అనే పెద్ద బండికి ఫ్యాక్టరీలోనే ఫైర్‌స్టోన్ టైర్లు తొడిగి అమ్మేవారు. వేగముగా పోతుండగా టైరు పైపొర ఊడివచ్చి బండ్లు బోల్తాపడ్డాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. లోపము టైరుదే అని ఫోర్డు, బండిదే అని ఫైర్‌స్టోన్ వాదించాయి. టైర్లలో గాలి 26 ఉండాలని బండివాళ్ళు, 30 ఉండాలని టైరువాళ్ళు అన్నారు. ఈ రెండు కుటుంబాలు 1947లో వియ్యమందుకున్నవి, వ్యాపార స్నేహము దాదాపు నూరేళ్ళది. 2001లో అంతా తెగిపోయింది. మా తమ్ముడితో బంధము తెగడానికి ఒక్క సాయంత్రము చాలింది.

కంపెనీ మార్చి ఇచ్చేదాకా మేము కొనేది లేదని పట్టుపట్టి, ఆ గుండు టైర్లమీదే తిరిగాము. 2024 సెప్టెంబరు 1న మానుకోట జిల్లాను వాన ముంచెత్తింది. కేసముద్రము దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రెండు రోజుల తర్వాత స్త్రీల సమాజము వారు కూర్చిన బియ్యము, దుప్పట్లు వేసుకొని పాలకుర్తి, తొర్రూరు మీదుగా బయలుదేరాము. మేమే నడుపుతున్నాము. వెనుక నలుగురు అక్కలు, ఒక చంటిబిడ్డ. తొర్రూరు దాటాక మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. రోడ్డుమీద నీరు పారుతోంది. మలుపులో స్టీరింగు తిప్పితే బండి తిరగలేదు. నీటిమీద పలకలా జారిపోయి, రోడ్డు దిగి, వరిచేను గట్టుకు తగిలి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. గట్టు దాటితే వ్యవసాయ బావి ఉంది. టైరు గాడులు ఉన్నవి అందముకోసము కాదు, కింద పడిన నీటిని పక్కకు తోడివేయడానికే. ఆ గాడులే లేనప్పుడు నీరు టైరుకూ రోడ్డుకూ మధ్య చేరి బండిని ఎత్తివేస్తుంది.

బిడ్డతల్లి ఏమీ అనలేదు. బిడ్డను కొంగులో చుట్టుకొని గట్టుమీద కూర్చుంది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

తరువాత హన్మకొండలో అలైన్‌మెంట్ షాపుకు వెళ్ళాము. చక్రాలకు అద్దాల పలకలు తగిలించి కంప్యూటరులో చూపించారు. ముందు చక్రాలు రెండూ పావురము కాళ్ళలా లోపలికి చూస్తున్నాయి, ఒక్కొక్కటి దాదాపు అర డిగ్రీ. వినడానికి ఎంత స్వల్పము! కానీ లెక్కవేసి చూడండి, ఆ కొద్ది వంకరకే టైరు కిలోమీటరుకు ఎనిమిది తొమ్మిది మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. 13 వేల కిలోమీటర్లకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. ఆకురాయిమీద కత్తి రాసినట్టే. మేస్త్రీ, “ఎప్పుడన్న గుంతల పడ్డదా సార్?” అని అడిగాడు.

మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము.

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. నీళ్ళు తీశాక మేము సాయము తీసుకొని వెళ్ళాము. తమ్ముడికి జ్వరము, నడిపింది మేమే. కోసుకుపోయిన రోడ్డులో ముందు చక్రము గుంతలో ధనేలున పడింది. బండి ఆగలేదని దేవుణ్ణి స్తుతించాము. స్టీరింగు ఆనాటినుండి కొద్దిగా ఎడమకు లాగుతోందని తమ్ముడు రెండుసార్లు చెప్పాడు. కొత్త బండి కదా, సర్దుకుంటుందిలే అన్నాము.

అంతటితో అయిపోలేదు. వెనుక టైర్లు ఎందుకు అరిగాయని మేస్త్రీ అడిగాడు. నాలుగు చక్రాల గేరు ఎప్పుడు వేస్తారు అన్నాడు. ఎప్పుడూ వేసే ఉంచుతాము, బొగ్గు లారీల రోడ్డు కదా, బలము ఎక్కువని మేమే తమ్ముడికి చెప్పాము అన్నాము. అతడు తల పట్టుకున్నాడు. మలుపులో ఎడ్లబండి తిప్పేటప్పుడు బయటి ఎద్దు ఎక్కువ అడుగులు వేయాలి, లోపలిది తక్కువ. బండిలో కూడా మలుపుకు ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ దూరము తిరగాలి. మా బండిలాంటివాటిలో ఆ గేరు వేస్తే ముందూ వెనుకా ఒక్కటిగా బిగుసుకుపోతాయి. బురదలో, ఇసుకలో టైరు జారి సర్దుకుంటుంది. ఆరిన తారురోడ్డుమీద జారే చోటు లేక టైరే గీరుకుపోతుంది. వాగు దాటగానే గేరు మామూలుకు మార్చాలి. పైగా పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందు టైర్లు వెనుకకు, వెనుకవి ముందుకు మార్చాలట, మేము ఒక్కసారీ మార్చలేదు. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన చీటీ అంటించి ఉంది. అదైనా చూస్తే కదా! టైర్లలో కొంచెము మెత్తని రకమే వేశారేమో, ఆ అనుమానము మాకు ఇంకా కొద్దిగా ఉంది. కానీ స్టెప్నీ రబ్బరు కూడా వాటితోటిదే.

నాలుగు టైర్లు మా సొంత డబ్బుతో కొన్నాము. స్టెప్నీ ఒకటి కొత్తదే ఉంది కదా, మూడు కొంటే చాలదా అని బేరమాడబోయాము. ఒక్కటి తేడాగా అరిగినా నాలుగు చక్రాల గేరుకు చేటు అన్నాడు మేస్త్రీ. తరువాతి కమిటీలో, ఏ పదిమంది ముందర తమ్ముణ్ణి నిలబెట్టామో వారి ముందే లేచి జరిగినదంతా చెప్పాము. పెద్దలలో ఒకరు, “ఆ పిలగాడు ఉన్నప్పుడు చెప్పవలసిన మాట ఇది” అన్నారు. నిజమే.

ఆదివారము ఆరాధన అయ్యాక తండాకు వెళ్ళాము. వాళ్ళ అమ్మ మంచము వాల్చి నీళ్ళిచ్చింది గానీ మాతో మాట్లాడలేదు. తమ్ముడు మిరపచేను నుండి వచ్చాడు. మేమిద్దరమూ లేచి నిలబడి, తప్పు మాది, నీది కాదు, క్షమించు తమ్ముడూ అన్నాము. అతడు చాలాసేపు నేల చూశాడు. తరువాత మమ్మును దాటుకొని బండి దగ్గరకు పోయి, ముందు చక్రము పక్కన గొంతుకూర్చొని, అరచేయి అటునుండి ఇటూ ఇటునుండి అటూ రాశాడు.

“రెండు దిక్కులా నున్నగనే ఉన్నది అయ్యగారూ. స్టీరింగు ఇంక గుంజుతలేదు గదా?” అన్నాడు.