బంట్వారంలో బెల్టు మూత విప్పిన పూట

వికారాబాద్‌లో బయలుదేరినప్పుడు చినుకు లేదు. అనంతగిరి గుట్టలు దాటి కోట్‌పల్లి వైపు తిరిగేసరికి వాన అందుకుంది. బంట్వారం ఇంకాస్త దూరం ఉందనగా ఒక లోతట్టు కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. మోకాలి లోతు కూడా లేదు కదా అని స్కూటర్ దింపాను. అవతలి గట్టుకు చేరాక మొదలైంది తంటా. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. ఇంకా తిప్పాను. రబ్బరు కమురు వాసన వచ్చింది. ఇక దిగి, తోసుకుంటూ ఊళ్లోకి చేరాను.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు, నేలంతా తాండూరు బండలు. షెడ్డు నడుమ లావు చక్రాల ఏటీవీ ఒకటి, పక్క మూత ఊడదీసి ఉంది. పట్నం నుంచి సెలవురోజున వచ్చినవాళ్లు అనంతగిరి చుట్టుపక్కల రిసార్టుల్లో బురద చిమ్ముతూ తిప్పే బండి అది.

మెకానిక్ యాభై దాటిన మనిషి. నా స్కూటర్ వంక చూడకముందే వాసన పట్టేశాడు.

“బెల్టు కాల్చిన్రా సార్? నీళ్లల్ల దిగినంక రేస్ ఇచ్చిన్రు గదా?”

“కదలకపోతే ఏం చేయమంటావన్నా?”

“ఆగాలె. బండి ఆగుమంటుంటే మీరు నడువుమన్నరు. ఇది గూడ నిన్న గట్లనే వచ్చింది” అంటూ ఏటీవీని చూపించాడు.

విప్పిన మూత లోపల ఉన్నవి రెండు పుల్లీలు, వాటిని కలుపుతూ ఒక రబ్బరు బెల్టు. ఒక్కో పుల్లీలో ఎదురెదురుగా రెండు ఏటవాలు పళ్లేలు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు పళ్లేలు దగ్గరికి జరిగి బెల్టును పైకి నెడతాయి, వెనకవి విచ్చుకుని దాన్ని లోపలికి రానిస్తాయి. గేర్లు మార్చే పని అలా తప్పుతుంది. హాలండ్‌కు చెందిన డాఫ్ కంపెనీ 1958లో కార్లలో పెట్టిన ఏర్పాటు ఇదే. 1984లో కైనెటిక్ హోండాతో మన రోడ్ల మీది స్కూటర్లకూ వచ్చింది. చైను తడిసినా లాగుతుంది, పళ్ల చక్రం పట్టుకుంటుంది కాబట్టి. ఈ బెల్టుకు పళ్లేల ఒరిపిడే ఆధారం. నడుమ నీటి పొర చేరిందా, పట్టు పోతుంది.

“మా నాయిన గిర్ని నడిపేటోడు. పట్టా జారితే రాళ పొడి చల్లేటోడు” అన్నాడు.

దీనికీ చల్లొచ్చా అని అడిగితే నవ్వాడు. “గా పట్టా ఒక్క తీరుగ తిరుగుతది. ఇది పైకెక్కాలె, కిందికి దిగాలె. రాళ ఏస్తే అంటుకొని కూసుంటది.”

గ్రీజు, డీజిలు కూడా దీని దరిదాపులకు రాకూడదట. పొడి గుడ్డతో పళ్లేలు తుడిచాడు. వాగు నీళ్లతో వచ్చిన సన్న ఇసుక గుడ్డకు ఎర్రగా అంటింది. అది మిగిలితే బెల్టును చెక్కేస్తుంది.

మూత బిగించి, దాని అడుగున ఉన్న చిన్న బిరడా మాత్రం తీసి ఉంచాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, కాసింత రేస్ ఇచ్చి వదిలాడు. మళ్లీ ఇచ్చాడు. పుల్లీల విసురుకు బిరడా రంధ్రంలోంచి తుంపర చిమ్మింది. నాలుగైదు సార్లకు అది ఆగింది. అప్పుడు బిరడా పెట్టి, ఎల్ గేరులో షెడ్డు ముందు నెమ్మదిగా నడిపి చూశాడు. కొంచెం జారింది. విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చేశాడు. రెండోసారికి బండి మాట విన్నది. “మూత తీసి మాత్రం రేస్ ఇయ్యద్దు సార్. బెల్టు తెగితే ఏళ్లు పోతయి.”

అసలు నీళ్లు ఎలా వచ్చాయి? బెల్టు చల్లబడడానికి గాలి కావాలి కనుక ఆ డబ్బాకు ఒక గొట్టం ఉంటుంది. ఏటీవీలో దాని మూతి హ్యాండిల్ కింద ఎత్తునే ఉంది. కానీ కింది అతుకు దగ్గర క్లిప్పు వదులైంది. మూతి ఎంత ఎత్తున ఉంటే ఏం, దారి కిందే తెరుచుకుంది.

తర్వాత నా వంతు. ముందుగా ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు, పొడిగా ఉంది. ఆయిల్ చూశాడు, పాలలా తెల్లబడలేదు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టడమే ముప్పు. నీరు గాలిలా అణగదు, రాడ్డే వంగుతుంది. అప్పుడు బెల్టు మూత తీశాడు. నా స్కూటర్‌కు బిరడా లేదు, మూత వంచితే మట్టి నీళ్లు బండల మీద పారాయి. అడుగున గాస్కెట్ ఒక అంగుళం మేర తెగి ఉంది. ఇంతకుముందు మూత విప్పినవారు దాన్ని మార్చకుండానే బిగించేసినట్టున్నారు.

బెల్టు తీసి నా చేతికిచ్చాడు. అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. ఒకచోట వేలు జారినట్టు గుంట. వెనక పుల్లీ కదలక బెల్టు నిలబడిపోతే, ముందు పుల్లీ అదే చోట రుద్దుకుంటూ తిరిగిందన్నమాట. ఆ వాసన దానిదే.

“అంతట అరిగితే కొన్నొద్దులు నడుస్తుండె. ఒక్క తావుల తిన్నది, ఇగ నడువది.”

కొత్త బెల్టు మీది బాణం గుర్తు తిరిగే దిశకు ఉండేలా చూసి ఎక్కించాడు. గాస్కెట్ కూడా మార్చాడు.

తిరిగి వస్తుంటే కల్వర్టు మీద నీళ్లు ఇంకా పారుతున్నాయి. ఇవతల నలుగురైదుగురు ఆగి ఉన్నారు. 2021 ఆగస్టు చివర ఈ జిల్లాలోనే తిమ్మాపూర్ వాగులో పెళ్లివారి కారు కొట్టుకుపోయి, పెళ్లికూతురితో సహా ప్రాణాలు పోయాయి. వాళ్ల మాటల్లో అదే నలుగుతోంది. నేనూ స్టాండు వేసి నిలబడ్డాను.

వానలకు ముందే మీ బండి బెల్టు మూత ఒకసారి విప్పించండి, గాస్కెట్ మార్పించండి, గాలి గొట్టం అతుకులు చూపించండి. వాగు పారుతుంటే మాత్రం ఆ మూతను నమ్ముకుని దిగకండి.