కప్పుగారి ఇంటిపేర్లు

పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకు కొత్తేమీ కాదు. కాని ఒక కప్పుకు అరడజనుసార్లకు పైగా ఇంటిపేరు మారిన వైనం విన్నారా? ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్లబ్బులు ఆడే లీగ్ కప్పు సంగతి చెబుతున్నాను.

1960లో పుట్టినప్పుడు అది వట్టి లీగ్ కప్పే. తర్వాత తర్వాత ఆట చూడవచ్చే జనం తగ్గారు, ఖర్చులు పెరిగాయి. అలాంటి రోజుల్లో, 1982లో, పాల వ్యాపారుల జాతీయ సంస్థ డబ్బిస్తానంటూ ముందుకొచ్చింది. కప్పు కాస్తా 'మిల్క్ కప్' అయింది. ఎంత ముచ్చటైన సంబంధం! పిల్లలు పాలు తాగి ఆడుకుంటామంటే ఏ తల్లి కాదంటుంది?

1986లో ఫుట్‌బాల్ పందేలు కట్టించుకునే లిటిల్‌వుడ్స్ వచ్చింది. 1990లో టీవీలూ అవీ అమ్మే రంబెలోస్ దుకాణాలవాళ్లు. 1992లో కోకాకోలా. 1998లో వర్తింగ్టన్, 2003లో కార్లింగ్, రెండూ బీర్లే! 2012లో క్రెడిట్ కార్డుల కాపిటల్ వన్. వరసగా ఓసారి చదవండి: పాలు, పందేలు, కొత్త టీవీ, కూల్‌డ్రింకు, బీరు, మళ్లీ బీరు, ఆఖరికి అప్పు! ఇది కప్పు చరిత్రా, చెడిపోయిన కుర్రాడి చరిత్రా? 2017 నుంచి ఇంటిపేరు కారబావ్. థాయిలాండువాళ్ల పానీయం లెండి.

దాని అక్కగారు ఎఫ్.ఏ. కప్పు గడుసుది. 1871లో మొదలైన ఆ పోటీ 1994 దాకా ఎవరి సొమ్ముకూ లొంగలేదు. 2015లో ఎమిరేట్స్ అని ముందు తగిలించుకున్నా, పుట్టింటి పేరు మాత్రం వదల్లేదు. ఇక ప్రీమియర్ లీగ్ 2016లో బార్‌క్లేస్ బ్యాంకు పేరే తీసి పక్కన పెట్టింది. టీవీవాళ్ల డబ్బు పుష్కలంగా వస్తోంది మరి. చూశారూ, సంపాదన ఉంటే ఇంకొకరి పేరుతో పనేముంది!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆడవాళ్ల ఆట దగ్గరకొచ్చేసరికి నాకు నవ్వాగిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, ప్రెస్టన్ ఊళ్లో డిక్, కెర్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు ఆ కంపెనీ పేరుతోనే జట్టు కట్టారు. 1920 క్రిస్మస్ సెలవుల్లో లివర్‌పూల్‌లో వాళ్ల ఆట చూడ్డానికి 53,000 మంది వచ్చారు. వసూలైన సొమ్ము మాజీ సైనికుల సహాయానికి ఇచ్చారు. అయినా ఏం లాభం? ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగదంటూ, 1921 డిసెంబరులో ఎఫ్.ఏ. పెద్దలు తమ క్లబ్బుల మైదానాల గేట్లు మూసేశారు. అవి తెరుచుకోడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది.

2019లో అదే బార్‌క్లేస్ బ్యాంకు ఆడవాళ్ల సూపర్ లీగ్‌కు తన పేరూ, మూడేళ్లకు కోటి పౌండ్లకు పైగా సొమ్మూ ఇచ్చింది. పరాయి పేరేమిటని అప్పుడు సణగాలనిపించలేదు నాకు. నిలబడి ఆడుకోడానికి చోటే దొరకనివాళ్లకు పేరొక బరువా? ఆ సంగతి మనకు ఇంకొకరు చెప్పాలా?

కాకపోతే ఒక్క కోరిక. ఎప్పటికైనా ఆ అమ్మాయిల ఆటకూ సొంత సంపాదన బాగా పెరగాలి. ఆనాడు ఎవరి పేరు పెట్టుకోవాలో, అసలు పెట్టుకోవాలో వద్దో, వాళ్లే తేల్చుకోవాలి!