కదిలే సైట్లు... కనబడని దారులు

"స్కిప్ ఇంట్రో" గుర్తుందా మీకు? 2000 ప్రాంతాల్లో ఇంటర్నెట్ కెఫేలో గంటకింతని లెక్కగట్టి కూర్చున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఏదో కంపెనీ ఫోన్ నంబరు కోసం సైటు తెరిస్తే, ముందు "లోడింగ్... 17 శాతం" అంటూ ఓ గీత పాకేది. అది నిండాక చీకట్లోంచి లోగో గిరగిరా తిరుగుతూ వచ్చేది, వెనకాల డబడబమంటూ సంగీతం. ఎక్కడో ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది ఈ స్కిప్ ఇంట్రో. ఆ సైటు మొత్తంలో జనానికి నిజంగా పనికొచ్చిన లింకు అదొక్కటేనేమో అని నా అనుమానం!

దీనంతటికీ మూలం ఫ్లాష్. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే పేరుతో పుట్టి, మాక్రోమీడియా చేతికొచ్చాక ఫ్లాష్ అయింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. జేకబ్ నీల్సన్ అనే యూజబిలిటీ పెద్దాయన 2000 అక్టోబరులోనే "ఫ్లాష్ 99 శాతం చెడ్డదే" అని వ్యాసం రాశాడు. ఆయన బాధ బొమ్మలు కదులుతున్నాయని కాదు. బ్యాక్ బటన్ పనిచెయ్యట్లేదు, చూసిన లింకుకీ చూడని లింకుకీ రంగు తేడా తెలియట్లేదు, పేజీలో మాట వెతుకుదామంటే దొరకట్లేదు... అంటే బ్రౌజరు ఇచ్చిన చుక్కానిని సైటు లాగేసుకుంటోందని. 2010లో స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ మీద బహిరంగంగా ఉత్తరం రాయడం, 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మంగళం పాడడం మనందరికీ తెలిసిన కథే.

ఫ్లాష్ పోయింది కదా, రోగం పోయిందనుకున్నాం. ఎక్కడ పోయింది? అదే పని ఇప్పుడు ప్లగిన్ కూడా అక్కర్లేకుండా సీఎస్సెస్, జావాస్క్రిప్టు, వెబ్‌జీఎల్‌లతో చేస్తున్నాం. మౌసు చక్రం ఒక్క మెట్టు తిప్పితే పేజీ ఒక స్క్రీనంతా దూకుతుంది. మెనూ ఎక్కడుందో కర్సరు పెట్టి తడుముకోవాలి. ఇక ఫోన్లో కర్సరే ఉండదు, తడుముకునే భాగ్యం కూడా లేదు.

అలాగని నేను యానిమేషన్‌కి శత్రువునేం కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. కంటి ముందు ఒక వస్తువు ఠక్కున మాయమై ఇంకోటి ప్రత్యక్షమైతే మన బుర్ర తికమకపడుతుంది. మ్యాక్‌లో కిటికీని మినిమైజ్ చేస్తే సీసాలోకి భూతం దూరినట్టు కిందున్న డాక్‌లోకి పీల్చుకుపోతుంది చూడండి, అది సోకు మాత్రమే కాదు. "నీ కిటికీ పోలేదు నాయనా, ఇదిగో ఇక్కడుంది" అని చెప్పడం. కార్ట్‌లోంచి ఒక వస్తువు తీసేస్తే కింది వరసలు మెల్లగా పైకి జరగడం కూడా అంతే. ఏది పోయిందో, ఏది జరిగిందో మాట అవసరం లేకుండా తెలుస్తుంది.

నా లెక్కలో వెబ్‌లో యానిమేషన్‌కి మూడే పనులు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, అది ఎక్కడికెళ్ళింది, నేను నొక్కింది అందిందా లేదా. ఈ మూడింట్లో ఏదీ చెప్పని కదలిక దారిచూపే బోర్డుకి కట్టిన సీరియల్ బల్బుల దండే. పండగ పూట బాగుంటుంది, ఊరిపేరు మాత్రం చదవనివ్వదు.

బాగా చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ "స్నో ఫాల్" అనే కథనం వేసింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో మంచు చరియల కింద పడిపోయిన స్కీయర్ల కథ. రాసిన జాన్ బ్రాంచ్‌కి 2013లో పులిట్జర్ వచ్చింది. అందులో కొండ మీదుగా ఎగురుతున్నట్టుండే యానిమేషన్ ఒకటుంది. ఎవరు ఏ వాలు దిగబోతున్నారో మాటల్లో చెబితే అర్థం కాదు కాబట్టి పెట్టారు. మిగతాది చాలావరకు మామూలు అక్షరాలు, మామూలు స్క్రోలు. దాన్ని చూసి వాతలు పెట్టుకున్న సైట్లు మాత్రం ఎగరడాన్ని తీసుకుని, కొండని వదిలేశాయి.

ఇదంతా అందం గురించిన గొడవైతే ఇంత ఆవేశం అక్కర్లేదు. కానీ కాదు. కొన్నేళ్ళ కిందట మేం చేసిన ఒక సైట్లో హోమ్ పేజీ అంతా పెరలాక్స్ మయం. వెనక పొర మెల్లగా, ముందు పొర వేగంగా, మధ్యలో అక్షరాలు తేలుతూ. డెమోలో క్లయింటు చప్పట్లు కొట్టాడు. మా టీములో ఒక టెస్టరుకి వర్టిగో ఉంది. ఆ అమ్మాయి ఆ పేజీ టెస్ట్ చేసేటప్పుడు స్క్రీనుకి ఒక చెయ్యి అడ్డం పెట్టుకునేది. "రెండు నిమిషాలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ" అని బగ్ కూడా వేసింది. ఎవరో దాన్ని "యాజ్ డిజైన్డ్" అని రాసి మూసేశారు. మన ఫీల్డులో ఎన్నోసార్లు వాడే మాటే, ఆరోజు మాత్రం చదవడానికి చాలా ఎబ్బెట్టుగా అనిపించింది. మనిషికి కళ్ళు తిరిగేలా డిజైన్ చేశామనేగా దానర్థం? నేను బగ్ మళ్ళీ తెరిచాను. వారం రోజులు మెయిళ్ళ యుద్ధం జరిగాక పెరలాక్స్‌ని ఆపుకునే వీలు పెట్టారు.

దీనికి కారణం మనకి కొత్తదేం కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కొందరికి ఎందుకు తిప్పుతుంది? ఒళ్ళు మలుపులు తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఎదురు సీటుని చూస్తున్న కన్ను ఏమీ కదలట్లేదంటుంది. పెరలాక్స్‌లో ఇదే తిరగబడుతుంది, అంతే. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఆ జూమ్‌లకి వికారంగా ఉందని చాలామంది మొత్తుకుంటే, నెల దాటిన కొద్ది రోజులకే 7.0.3లో ఆపిల్ "రెడ్యూస్ మోషన్" సెట్టింగుతో ఆ జూమ్‌లూ ఆగేలా చేసింది. 2017లో సఫారీ ఆ సెట్టింగుని సైట్లకి తెలియజెప్పడం మొదలెట్టింది. "ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్" అనే మీడియా క్వెరీ అదే. ఇప్పుడు ముఖ్యమైన బ్రౌజర్లన్నిట్లో ఉంది. నాలుగు లైన్ల సీఎస్సెస్, అంతకుమించి ఖర్చు లేదు.

ఇక నేను పాటించే చిన్న చిట్టా:

1. స్క్రోలు జోలికి పోవద్దు. అది చదివేవాడి వేలు, మనది కాదు.

2. బ్యాక్ నొక్కితే వెనక్కే వెళ్ళాలి. పేజీ మారకుండా లోపలి సరుకు మార్చినా, హిస్టరీ ఏపీఐతో ఒక్కో స్థితికి ఒక్కో యూఆర్ఎల్ ఇవ్వండి. ఫ్రెండుకి లింకు పంపితే వాడికీ అదే కనబడాలి.

3. మెనూని మెనూలాగే ఉంచండి, మాటల్తో సహా. కర్సరు పెడితే తప్ప అర్థం తెలియని బొమ్మల్ని విన్సెంట్ ఫ్లాండర్స్ ఎప్పుడో "మిస్టరీ మీట్" అని వెక్కిరించాడు.

4. నొక్కగానే ఏదో ఒకటి కనబడాలి. సెకనులో పదోవంతు లోపల స్పందన వస్తే అది తన చేత్తోనే జరిగినట్టుంటుంది మనిషికి. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. నేనైతే మామూలు మార్పులకి 200 నుంచి 300 మిల్లీసెకన్లు దాటనివ్వను.

5. కదిలించేటప్పుడు ట్రాన్స్‌ఫామ్, ఒపాసిటీలతోనే సరిపెట్టుకోండి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి ఉన్నది 16.7 మిల్లీసెకన్లు. విడ్త్, టాప్ లాంటివి మారిస్తే ప్రతి ఫ్రేముకీ లేఅవుట్ మళ్ళీ లెక్కెయ్యాలి. మీ మ్యాక్‌బుక్‌లో తెలియదు, పదివేల రూపాయల ఫోన్లో తెలుస్తుంది.

6. దానంతటదే మొదలై, పక్కన చదవాల్సిన సరుకు ఉండగా 5 సెకన్లకి మించి కదిలే దేనికైనా ఆపే మీట ఉండాలి. ఇది నా ఇష్టం కాదు, 2008లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో కనీస స్థాయిదే. మన ప్రభుత్వ సైట్లలో కుడి నుంచి ఎడమకి పరిగెత్తే మార్క్యూలని చూసినప్పుడల్లా నాకీ నియమమే గుర్తొస్తుంది. హాల్‌టికెట్ ఆఖరి తేదీ చదవాలంటే దాని వెంట కళ్ళు పరిగెత్తించాల్సిన పిల్లాడి గతేంటి?

"ఇవన్నీ పెడితే సైటు చప్పగా ఉంటుంది" అని డిజైనర్లు అంటారు. ఉండదు. పైన చెప్పిన మ్యాక్ కిటికీ చప్పగా ఉందా? మొదటిసారి చూసి ముచ్చటపడతాం, వెయ్యోసారి అది ఉందన్న సంగతే మర్చిపోతాం. డెమోలో సైటుని చూసేది ఒక్కసారే, వాడుకునేవాడు రోజూ చూడాలి.

రేపు ఆఫీసుకెళ్ళాక మీ సిస్టంలో రెడ్యూస్ మోషన్ ఆన్ చేసి, మీ సైటు మీరే తెరిచి చూడండి. ఏమీ మారకపోతే మీరు ఆ నాలుగు లైన్లు ఇంకా రాయలేదన్నమాట. అన్నీ ఆగిపోయి దారి కూడా తెలియకుండా పోతే, మీ మెనూకి ఇంకా పనుంది.