తొక్కు, పట్టు, వదులు

పెద్ద ఊళ్లలో పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసుకునే వాళ్లుంటారు. మా గుమ్మలక్ష్మీపురంలో ఆ ముచ్చట తీర్చేది జీపే. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోదే మా నాన్న ఎంఎం 540, ప్యూజో డీజిల్ ఇంజిను. ఒకప్పుడు జీడిపిక్కల బస్తాలు, వాటి మీద పదిమంది జనం. తర్వాత నాలుగేళ్లు పాకలో నిద్ర.

దాన్ని బాగుచేద్దామని నేను ఆకుపచ్చ రంగు డబ్బా కొనుక్కొస్తే ముసలి మెకానిక్కు నవ్వాడు. "రంగుదేముంది బాబూ, ముందు బ్రేకు సూడండి. ఎక్కడం ఎలాగైనా ఎక్కుద్ది, దిగడమే కట్టం."

నిజమే. బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. మన కొండల్లో వానాకాలం సంగతి తెలిసిందేగా! పొడవాటి దిగుడులో డ్రమ్ములు కాగితే ఆ నీరు ఆవిరై, పెడలు మెత్తగా కిందికి జారిపోతుంది.

అందుకే ఈ ఆదివారం అంతా బ్రేకుల్లోంచి పాత ఆయిలు, గాలి తీసేసే పనే. అమ్మాయి సీట్లో, నేను వెనక చక్రం దగ్గర వెల్లకిలా. "తొక్కు... పట్టు... వదులు." ప్లాస్టిక్ గొట్టంలోంచి సీసాలోకి టీ డికాక్షన్ రంగు ఆయిలు, మధ్యమధ్య గాలిబుడగలు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి దాని కాలు, నా మెడ పట్టేశాయి. చివరికి పెడలు రాయిలా నిలబడింది.

"ఇంక రంగెయ్యొచ్చా నాన్నా?" అంది.

రంగు డబ్బా ఇంకా మూత తియ్యలేదు. ఫ్లోరు రేకు తుప్పు మిగిలుంది కదా!