తొలకరి కబుర్లు: ఉసిళ్లు లేచే వేళ

రోహిణి కార్తెలో రోళ్లు పగిలిపోయాక, మృగశిరలో నాలుగు చినుకులు పడితే చాలు, ఆత్మకూరులో అందరి చూపూ వీధి లైటు మీదే. మధ్యాహ్నం వాన కురిసి, సాయంత్రం గాలి ఆగి ఉక్కపోసిందా, ఉసిళ్లు లేస్తాయని పసిపిల్లలక్కూడా తెలుసు. పక్కింటి అవ్వ దీపాల వేళకు ముందే లైటు కింద బేసినులో నీళ్లు పోసి సిద్ధం!

ఇక వంట సంగతి. నీళ్లలో పడినవాటిని ఎండబెట్టి చేటలో చెరిగితే రెక్కలు గాలికి ఎగిరిపోతాయి. సన్నసెగ మీద మంగలంలో వేస్తే తమ కొవ్వులోనే చిటపటమంటూ దోరగా వేగుతాయి, నూనె చుక్క అక్కర్లేదు. బొరుగులు, పప్పులు, ఉప్పూకారం కలిపితే ఆ కమ్మదనమే వేరు. పొయ్యి దగ్గర పిల్లలుంటే సగం గిన్నె అక్కడే ఖాళీ!

అన్నట్టు, ఉసిళ్లంటే వేరే పురుగులు కావు, రెక్కలొచ్చిన చెదలే. ఒక్క సాయంత్రం ఎగిరి, రెక్కలు రాల్చేసి, జంటగా నేలలో దూరతాయి. కాకులు, తొండలు, కప్పలు, బల్లులు, మనమూ కలిసి విందు చేసుకోగా తప్పించుకున్న జంటే రేపటి పుట్టకు రాజూ రాణీ.

ఇక బైర్లూటి దాటి దోర్నాల దారిలో నల్లమలలోకి పోతే ఇలకోళ్ల మోత. అరిచేవన్నీ మగవే, కడుపు పక్కలనుండే పొరలను ఆడిస్తూ ఆ మోత పుట్టిస్తాయి. పిల్ల పురుగులు నేలలో వేళ్ల రసం తాగి ఎదిగి, చెట్టెక్కి పొట్టు విడుస్తాయి. మానుకు అంటుకున్న ఆ పొట్టును పట్టి చూడండి: వీపున నిలువు చీలిక, కాళ్లు గోళ్లతో సహా పదిలం. చొక్కా విప్పి వంకీకి తగిలించినట్టే!

అన్నట్టు, అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈ పురుగుల ముచ్చటే వేరు. అక్కడ కొన్ని జాతులు 13 ఏళ్లకు, కొన్ని 17 ఏళ్లకు గానీ నేల దాటి రావు. 2024లో రెండు పెద్ద గుంపులు కలిసి లేచాయి, ఆ రెండూ అలా కలవడం 1803 తర్వాత అదే. చికాగో వైపు మళ్లీ 2041లోనే. 2024లో పుట్టిన మనవరాలు కాలేజీ మెట్లెక్కే ఏటికన్నమాట. అప్పుడే పొట్టు విడిచిన మెత్తటివాటిని వేయించుకు తినేవాళ్లూ ఉన్నారు. రొయ్యలు పడనివాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు, రెండూ ఒకే వంశం.

ఇక మన దేశంలోనే మేఘాలయలో, రి-భోయ్ జిల్లా సైడెన్ ఊరి దగ్గర, నాలుగేళ్లకోసారి ఇలకోళ్లు లేస్తాయి. 2014, 2018, 2022... సరిగ్గా ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిగే ఏళ్లే! అక్కడివాళ్లకు ఆటా, వేటా, విందూ ఒకే ఏట.

మళ్లీ మన వీధికొస్తే, బేసిను నిండగానే అవ్వ లైటు తీసేయమంటుంది. "మిగిలినవి పోనీలే నాయనా, వచ్చే ఏటికి ఉండొద్దా!" ఈ తొలకరికి మనమూ లైటు తీసేద్దాం. చేను గట్టున పుట్ట కనిపిస్తే గడ్డపార పక్కన పెడదాం. ఆరుద్రలో ఎర్రటి ఆరుద్ర పురుగులు రాగానే మళ్లీ కలుద్దాం.